ఆపరేషను బల్ల

శస్త్రచికిత్స అనగానే లోకానికి మొదట కత్తి జ్ఞాపకం వస్తుంది. ఆ తరువాత కత్తి పట్టిన చేయి. రోగి పడుకొన్న బల్లను తలచుకొనేవారు అరుదు. ఆసుపత్రికి పోయి వచ్చినవారు డాక్టరుగారి పేరు చెబుతారు, కుట్ల లెక్క చెబుతారు, అయిన ఖర్చు చెబుతారు. తాము గంటల తరబడి పడుకొన్న బల్ల ఎట్లా ఉన్నదని అడిగితే మాత్రం చెప్పలేరు. అందులో వారి దోషమేమీ లేదు. దానిమీద ఉన్నంతసేపూ వారికి ఒంటిమీద స్పృహ లేదు. స్పృహలేని మనిషిని మోసిన వస్తువు కనుకనే దానిని గురించి తెలిసికోదగినది ఎంతో ఉన్నది.

తరగతిలో మోచేయి బల్లకు ఆనించి పాఠం వినే విద్యార్థికి కొంతసేపటికి చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది. మోచేతి వెనుక, చర్మానికి అతి సమీపంగా పోయే నరం ఒకటి ఎముకకూ బల్లకూ నడుమ నలిగినందువల్ల కలిగే బాధ అది. కాలుమీద కాలు వేసికొని కూర్చున్న ఉపాధ్యాయునికి పాదం మొద్దుబారుతుంది. ఇద్దరూ ఏమీ ఆలోచించకుండానే చేయి తీస్తారు, కాలు కదుపుతారు; అంతటితో అది సర్దుకొంటుంది. గాఢనిద్రలో ఉన్నవాడు సైతం ఒక పక్క నొప్పిపుట్టగానే రెండవ పక్కకు ఒత్తిగిల్లుతాడు. శరీరంలో నొప్పి అనేది రేయింబవళ్ళు మేలుకొని ఉండే కావలివాడు.

మత్తుమందు ఇచ్చినప్పుడు ఈ కావలివాడు కూడా నిద్రపోతాడు. కండరాలను సడలించే మందు తోడైతే కదలే శక్తి కూడా ఉండదు. అప్పుడు రోగి మోచేయి బల్ల అంచుమీద మూడు గంటలు నలిగినా అతడు అమ్మా అనలేడు. కడుపులోని జబ్బు నయమై, చేతివేళ్ళు మాత్రం పట్టు తప్పి ఇంటికి పోయిన రోగులను వైద్యశాస్త్రం ఎరుగును. అట్టి నష్టం కలుగకుండా రోగికి బదులుగా ఇతరులు ముందే ఆలోచించడమే ఆపరేషను బల్లను సిద్ధం చేయడంలోని పరమార్థం.

కట్టివేసిన కాలం

ఈ ఆలోచన ఒక్కనాటిలో పుట్టినది కాదు. మత్తుమందులు లేని రోజులలో బల్ల ముఖ్యప్రయోజనం వేరు. రోగిని కదలకుండా ఉంచడమే దాని పని.

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శస్త్రకర్మకు ముందు సమకూర్చుకోవలసిన వస్తువులకై ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉన్నది. యంత్రాలు, శస్త్రాలు మొదలుకొని దూది, నూలు, తేనె, నేయి, చన్నీళ్ళు, వేణ్ణీళ్ళు, విసనకర్ర వరకు అందులో చెప్పబడినవి. స్నేహభావమూ, స్థైర్యమూ, బలమూ గల పరిచారకులు దగ్గర ఉండవలెనని కూడా ఉన్నది. రోగిని తేలికగా భుజింపజేసి, తూర్పుముఖంగా కూర్చుండబెట్టి, కదలకుండా కట్టి, వైద్యుడు పడమటి ముఖంగా నిలిచి పని ప్రారంభించవలెనని ఆ గ్రంథం విధించినది.

మూత్రాశయంలోని రాయిని తీసే విధానం చెప్పినచోట ఇంకా స్పష్టమైన వివరణ కనబడుతుంది. మోకాలి ఎత్తుగల పలకమీద ఒక మనిషిని కూర్చుండబెట్టి, రోగి పైదేహాన్ని అతని ఒడిలో వెల్లకిల పడుకోబెట్టవలెను. నడుము కింద గుడ్డలు మడిచి పెట్టి ఎత్తుచేయవలెను. మోకాళ్ళనూ మోచేతులనూ ముడిపించి తాటితోనో బట్టలతోనో కట్టవలెను. పలక ఎత్తు ఎంత ఉండవలెనో, నడుము ఎందుకు లేవవలెనో, కాళ్ళు ఎట్లా ఉండవలెనో ఆ వైద్యులు నిర్ణయించుకొన్నారు. నేటికీ ఆ చికిత్సలకు రోగిని ఉంచే భంగిమకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. రోగి తలకు ఆధారంగా అక్కడ ఉన్నది మాత్రం దిండు కాదు, మనిషి ఒడి.

ఐరోపాలో ఈ దశకు మంచి సాక్ష్యం లండను నగరంలో మిగిలి ఉన్నది. సెంట్ థామస్ ఆసుపత్రివారు 1822లో తమ చర్చి పైకప్పు కింది అటకలో ఒక శస్త్రచికిత్సాశాల ఏర్పాటు చేసినారు. 1862లో ఆసుపత్రి అక్కడినుండి తరలిపోయినది. ఆ గది మరుగున పడిపోయి 1956లో మళ్ళీ బయటపడినది. 1962 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది. గదికి నడుమ కొయ్యబల్ల. చుట్టూ విద్యార్థులు నిలుచుండి చూసేందుకు గుర్రపునాడా ఆకారంలో మెట్లు. బల్ల కింద కారిన రక్తం పీల్చేందుకు రంపపుపొట్టు పెట్టె. ఆ పెట్టెను కాలితో ఇటూ అటూ జరుపుకొంటూ శస్త్రవైద్యుడు పనిచేసేవాడు. రోగికి ఎరుక ఉండేది, నలుగురు పట్టుకొనేవారు. ఎంత త్వరగా ముగిస్తే అంత గొప్ప వైద్యుడని పేరు. లండనులో రాబర్ట్ లిస్టన్ ప్రతిష్ఠకు ముఖ్యకారణం అతని వేగమే.

మత్తుమందు తెచ్చిన మార్పు

1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో మార్టన్ అనే దంతవైద్యుడు ఒక రోగిచేత ఈథరు ఆవిరి పీల్పించినాడు. వారెన్ అనే శస్త్రవైద్యుడు ఆ రోగి మెడమీది గడ్డకు చికిత్స చేసినాడు. రోగి పెనుగులాడలేదు. అదే సంవత్సరం డిసెంబరు 21వ తేదీన లండనులో లిస్టన్ కూడా ఈథరు సహాయంతో ఒకరి కాలు తొలగించినాడు. వేగమే సర్వస్వమైన యుగం ఆ రెండు నెలలలో ముగింపునకు వచ్చినదనవచ్చు.

ఇక రోగిని బలవంతంగా పట్టి ఉంచనక్కరలేదు. కాని కొత్త చిక్కు ఒకటి వచ్చిపడినది. నిమిషాలలో ముగిసే చికిత్స గంటలకు సాగినది. ఆ గంటలలో రోగి తన శరీరాన్ని తాను కాపాడుకోలేడు; ఒక్కొక్కప్పుడు ఊపిరి పీల్చుకొనడమే కష్టమవుతుంది. రోగి ఎట్లా పడుకొన్నాడన్నది ప్రాణాంతకమైన ప్రశ్న అయినది.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో హైదరాబాదు నగరానికి ఒక స్థానం ఉన్నది. నిజాము రాజ్యంలో వైద్యాధికారిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారం ఇచ్చినప్పుడు మరణాలు ఎందుకు సంభవిస్తున్నవో తేల్చేందుకు 1888లో ఒక సంఘాన్నీ, 1889లో మరొక సంఘాన్నీ నడిపించినాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయం చేసినాడు. లండనులోని లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు రెండవ సంఘంలో పాల్గొనేందుకు హైదరాబాదు వచ్చినాడు. క్లోరోఫారం నేరుగా గుండెను ఆపదనీ, ముందు శ్వాస ఆగడమే ప్రమాదమనీ ఆ సంఘం తీర్పు చెప్పినది. ఆ తీర్పు నిలువలేదు. క్లోరోఫారం గుండెలయను చెరచి హఠాత్తుగా ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపినాడు. అయినా ఆ సంఘం ఇచ్చిన ఆచరణసూత్రాలలో మొదటిది గమనింపదగినది: రోగి వెల్లకిల పడుకొని ఉండవలెను, ఊపిరికి ఏ అడ్డూ ఉండరాదు. మెడమీద గాని, రొమ్ముమీద గాని, పొట్టమీద గాని బిగుతైన బట్ట ఉండరాదని కూడా వారు హెచ్చరించినారు. క్లోరోఫారం ఆపరేషను గదిని విడిచి చాలాకాలమైనది. ఈ జాగ్రత్త మాత్రం విడువలేదు.

రెండవ మార్పు శుభ్రతను గురించినది. జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు చీము పట్టకుండా చేయవచ్చునని ప్రకటించిన తరువాత వైద్యుల దృష్టి క్రమంగా గదిలోని ప్రతి వస్తువుమీదికీ మళ్ళినది. కొయ్యబల్ల రక్తాన్ని పీల్చుకొంటుంది. దాని పగుళ్ళలో చేరిన మురికి కడిగినా పోదు. అందుచేత కడిగి తుడువ వీలైన లోహపు బల్లలు వచ్చినవి. తరువాత తుప్పుపట్టని ఉక్కు వచ్చినది.

మూడవ మార్పు బల్లను వంచడం. జర్మనీ వైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ పొత్తికడుపు చికిత్సలలో రోగి తలను పల్లంగా, నడుమును ఎత్తుగా ఉంచేవాడు. అప్పుడు పేగులు వాటి బరువుకే రొమ్మువైపు జారి, పని జరుగవలసిన చోటు స్పష్టంగా కనబడుతుంది. అతని శిష్యుడు విల్లీ మేయర్ 1885లో ఈ పద్ధతిని లోకానికి వివరించినాడు. నేడు ఒక మీట నొక్కితే బల్లయే వంగుతుంది. ఆ వాలుకు నేటికీ ఆ వైద్యుని పేరే ఉన్నది.

నేటి బల్ల నిర్మాణం

ఇప్పటి ఆపరేషను బల్ల మూడు భాగాలు. కింద బరువైన పీఠం. నడుమ పైకి కిందికి కదిలే స్తంభం. పైన రోగి పడుకొనే పలక. ఈ పలక ఒక్క ముక్క కాదు. తలకు, వీపుకు, నడుముకు, కాళ్ళకు వేరువేరు ఖండాలుండి కీళ్ళవద్ద వంగుతవి. నూనె ఒత్తిడిచేతనో విద్యుత్తుచేతనో బల్ల లేస్తుంది, దిగుతుంది, తలవైపుకో కాళ్ళవైపుకో వాలుతుంది, పక్కలకు ఒరుగుతుంది. పక్కలనున్న కడ్డీలకు చేతిపలకలు, కాళ్ళను ఎత్తి ఉంచే ఆధారాలు, నడుము పట్టీలు తగిలిస్తారు. ఆపరేషను నడుమ ఎక్స్‌రే తీయవలసి వచ్చినప్పుడు అడ్డురాకుండా ఎక్స్‌రే కిరణాలు చొరబడే పదార్థాలతో పై పలకను చేస్తారు. ఎంత బరువు మోయగలదో ప్రతి బల్లకూ ఒక హద్దు ఉంటుంది. రోగి బరువు ముందే తెలిసికొనడం అందుకే.

ఎత్తు విషయంలో సామాన్యంగా పాటించే నియమం తేలికైనది: చికిత్స జరిగే చోటు శస్త్రవైద్యుని మోచేతి మట్టానికి రావలెను. పల్లంగా ఉంటే అతని నడుము పడిపోతుంది. ఎత్తుగా ఉంటే భుజాలు అలసిపోతవి. అలసిన చేయి వణికితే నష్టపోయేది రోగి.

సన్నాహం

ఉదయం మొదటి రోగి రాకముందే పని మొదలవుతుంది. తడిగుడ్డతో దీపాలూ, తరువాత బల్లా తుడుస్తారు. పైనుండి కిందికి తుడువడం నియమం, ఎందుకంటే దుమ్ము కిందికే రాలుతుంది. ఒక రోగి వెళ్ళిన తరువాత మరొక రోగి రావడానికి ముందు ఇంకా శ్రద్ధ అవసరం. మురికి దుప్పట్లను దులపకుండా మడిచి తీస్తారు. రక్తపుమరకలను ముందు శుభ్రపరచి, తరువాత క్రిమిసంహారక ద్రవంతో తుడుస్తారు. ఆ ద్రవం కొన్ని నిమిషాలు తడిగా నిలిస్తేగాని క్రిములు చావవు. తుడిచిన వెంటనే ఆరబెట్టితే పేరుకు మాత్రమే శుభ్రమైనట్లు. బ్లీచింగు జాతి ద్రవాలు లోహాన్ని తింటవి గనుక తరువాత మంచినీటి గుడ్డతో మరొకసారి తుడుస్తారు. పరుపు ఎత్తి కిందికూడా చూస్తారు. పట్టీలు, మీటలు, చక్రాలు మరువరు. పరుపుతొడుగు ఎక్కడైనా చిరిగి ఉంటే ఆ పరుపును తీసివేయవలసినదే. చిరుగులోనుండి లోనికి చేరిన రక్తాన్ని ఏ గుడ్డా తుడువలేదు.

తరువాత యంత్రపరీక్ష. చక్రాలకు బ్రేకు పడుతున్నదా? బల్ల లేస్తున్నదా, దిగుతున్నదా? నాలుగు దిక్కులకూ వాలుతున్నదా? బ్యాటరీ నిండుగా ఉన్నదా? కరెంటు పోతే చేతితోనో కాలితోనో కదిపే ఏర్పాటు పనిచేస్తున్నదా? ఈ ప్రశ్నలు చాదస్తంగా తోచవచ్చును. మత్తు ఎక్కే వేళ రోగికి వాంతి వస్తే అది ఊపిరితిత్తులలోకి పోకుండా తలవైపు క్షణంలో దించవలసి వస్తుంది. ఆ క్షణంలో మీట మొరాయిస్తే తరువాత మరమ్మతు చేసి లాభం లేదు.

ఆనాటి చికిత్సకు కావలసిన ఆధారాలు, దిండ్లు, మెత్తలు ముందే లెక్కచూసి దగ్గర పెట్టుకొంటారు. దుప్పటి ముడతలు లేకుండా పరుస్తారు. ముడత చిన్నదే, కాని మనిషి బరువు గంటల తరబడి దానిమీద ఆగినప్పుడు చర్మానికి రక్తం అందక పుండు పడవచ్చును.

రోగి వచ్చిన తరువాత, స్పృహ ఉండగానే, పేరూ, చికిత్స ఏమిటన్నదీ, ఏ పక్కన అన్నదీ అడిగి తెలిసికొంటారు. స్ట్రెచరును బల్లపక్కకు చేర్చి రెండింటికీ బ్రేకులు వేస్తారు. స్పృహలేని రోగిని మార్చవలసి వస్తే కనీసం నలుగురు కావలెను. తలా మెడా చూచుకొనే బాధ్యత మత్తు డాక్టరుది. ఈడ్చరాదు, ఈడిస్తే చర్మం దుప్పటికి అంటుకొని లోపలి పొరలు చిరుగుతవి. మోకాళ్ళకు కొంచెం పైగా పట్టీ కట్టి, దానికీ ఒంటికీ నడుమ రెండు వేళ్ళు దూరేంత సందు ఉంచుతారు. సుశ్రుతుని కాలపు కట్టు పెనుగులాటను ఆపేందుకు. ఈ కట్టు పడిపోకుండా కాపాడేందుకు. అటుపైన రోగిని ఒంటరిగా వదలరు.

భంగిమలు, ప్రమాదాలు

వెల్లకిల పడుకొన్న రోగికి తల వెనుక భాగం, రెక్క ఎముకలు, మోచేతులు, నడుము కింది ఎముక, మడమలు బరువు మోస్తవి. అక్కడ మెత్తలు ఉంచుతారు. చేతిని పక్కకు చాపితే శరీరానికి లంబకోణం మించనీయరు. మించితే మెడనుండి చేతికి పోయే నరాల గుంపు సాగి దెబ్బతింటుంది.

కాళ్ళు ఎత్తి ఉంచే భంగిమలో రెండు కాళ్ళనూ ఇద్దరు మనుషులు ఒకేసారి, మెల్లగా ఎత్తుతారు. దించడం కూడా అట్లే. ఒక్కొక్కటిగా ఎత్తితే నడుము మెలిపడుతుంది. హఠాత్తుగా దించితే రక్తం కాళ్ళలోకి దిగి రక్తపుపోటు పడిపోతుంది. మోకాలికి వెలుపల కొంచెం కిందుగా ఎముకను ఆనుకొని పోయే నరం ఆధారపు కడ్డీకి నొక్కుకొంటే పాదం పైకెత్తే శక్తి పోతుంది. బల్ల కాళ్ళవైపు ఖండాన్ని తిరిగి పైకి లేపేటప్పుడు రోగి చేతివేళ్ళు కీలు సందులో పడి నలిగే ప్రమాదం కూడా ఉన్నది. అందుకని వేళ్ళు ఎక్కడున్నవో కంటితో చూచిగాని దానిని లేపరు.

బోర్లా పడుకోబెట్టినప్పుడు రొమ్ముకూ తుంటికీ ఆధారాలు పెట్టి పొట్టను స్వేచ్ఛగా ఉంచుతారు. లేకుంటే ఊపిరి ఆడదు. కళ్ళమీద ఒత్తిడి పడరాదు. కంటిమీద ఒత్తిడి చూపునే పోగొట్టగలదు. తల బాగా పల్లంగా ఉంచవలసి వస్తే రోగి జారకుండా పట్టుగల పరుపు వేస్తారు.

నిండుగర్భిణికి శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసేటప్పుడు బల్లను సుమారు 15 డిగ్రీలు ఎడమకు ఒరిగిస్తారు, లేదా కుడి తుంటి కింద మెత్త పెడతారు. పూర్తిగా వెల్లకిల పడుకొంటే గర్భాశయం బరువు, శరీరం కిందిభాగంనుండి గుండెకు పోయే పెద్దసిరను నొక్కివేస్తుంది. తల్లికి రక్తపుపోటు తగ్గుతుంది. బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. చిన్న ఒంపు రెండు ప్రాణాలకు రక్ష.

1926లో అమెరికాలో బోవీ అనే శాస్త్రజ్ఞుడు, కుషింగ్ అనే వైద్యుడు విద్యుత్తుతో రక్తస్రావం ఆపే పరికరాన్ని ఆపరేషను గదిలో వాడినప్పటినుండి మరొక జాగ్రత్త అవసరమైనది. రోగి చర్మం ఎక్కడా బల్ల లోహానికి తగులరాదు, తగిలినచోట కాలవచ్చును. చర్మాన్ని శుభ్రపరచిన స్పిరిటు ద్రవం ఒంటికింద మడుగుకట్టి ఉంటే నిప్పురవ్వకు అంటుకొంటుంది. కనుక అది పూర్తిగా ఆరేవరకు ఆగుతారు. మత్తులో ఉన్న శరీరం తన వేడిని తాను నిలుపుకోలేదు గనుక, పనిచేసే చోటు తప్ప తక్కిన ఒళ్ళంతా కప్పి వెచ్చగా ఉంచుతారు.

ఎవరి పని?

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సకు 19 అంశాల జాగ్రత్తపట్టిక ఒకటి ప్రకటించినది. ఎనిమిది నగరాలలోని ఎనిమిది ఆసుపత్రులలో దీనిని వాడి చూసినారు. అందులో న్యూఢిల్లీ ఒకటి. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి, చికిత్సానంతర చిక్కులు నూటికి 11 నుండి 7కు తగ్గినవి. కొత్త మందు గాని కొత్త యంత్రం గాని ఇందులో లేదు. తెలిసిన విషయాన్నే పైకి చెప్పి, ఒకరినొకరు అడిగి, సరిచూచుకొనడం తప్ప వేరొకటి లేదు. రోగి గది విడిచి వెళ్ళకముందు, పరికరాలలో ఏదైనా లోపం కనబడినదా అని ఆ పట్టిక అడుగుతుంది. బ్రేకు వదులైనదని చెప్పవలసిన సమయం అదే.

చెప్పవలసినది ఎవరు? బల్లను తుడిచే ఆయా, స్ట్రెచరు తోసే వార్డుబాయి, పట్టీ కట్టే నర్సు, మీటలు పరీక్షించే టెక్నీషియను. ఆపరేషను గదిలో వీరి మాటకు శస్త్రవైద్యుడు చెవి ఒగ్గే చోట రోగి క్షేమంగా ఉంటాడు. రోగి మోచేయి కింద మెత్త లేదన్న సంగతి మొదట కనబడేది వీరి కంటికే. పెద్దవారు ఉన్నారు గదా అని ఊరకుండిపోతే ఆ మెత్త ఇక ఎవరూ పెట్టరు.

చికిత్స ముగిసి, మెలకువ వచ్చి, రోగి మొట్టమొదట వేళ్ళు కదుపుతాడు. అవి కదులుతవి. కదలకపోవడానికి అవకాశం ఉండినదని అతనికి తెలియదు. లోపల, ఖాళీ అయిన బల్లమీది దుప్పటిని ఒక చేయి దులపకుండా మడిచి తీస్తూ ఉంటుంది. తరువాతి రోగి వరండాలో వేచి ఉన్నాడు.